రంజన్ నీళ్లు

నీళ్లు పట్టి పంపడం నా ఉద్యోగం. వనపర్తిలో ఉంటాను. హైదరాబాదులో ఒక ల్యాబ్ ఉంది. దాని తరఫున ఇటు గద్వాల, అటు నాగర్‌కర్నూల్ దాకా తిరిగి బోర్ల నీళ్లు సీసాలకెత్తి, చీటీ అంటించి, సాయంత్రం బస్సుకు పార్సిల్ వేస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని. చాలా మటుకు ఫ్లోరైడు పరీక్షలే. బల్మూరు పక్క పల్లెల్లో నన్ను చూడగానే "నీళ్లామె వచ్చింది" అంటారు. మొదట్లో కోపమొచ్చేది. డిగ్రీ చదివినదాన్ని పట్టుకుని నీళ్లామె ఏమిటని. ఇప్పుడు ఫోన్లో నేనే అలా చెప్పుకుంటున్నాను.

ఫ్లోరైడుతో ఒక సుఖం ఉంది. అది నీళ్లను వదిలి ఎక్కడికీ పోదు. బోరు దగ్గర పట్టినా, బిందెలో ముంచినా, నిన్నటివైనా మొన్నటివైనా ఫలితం మారదు. కరెంటు లేక మోటారు నడవకపోతే ఇంటావిడ కుండలోంచి ఒక చెంబు ముంచి ఇస్తుంది. సీసా నింపుకుంటాను. తాగమని ఇంకో చెంబు ఇస్తుంది. ఎవరింటికి పోయినా ముందు నీళ్లే ఇస్తారు కనుక పనీ దాహమూ ఒకేచోట తీరిపోయేవి. ఆ అలవాటు నా చేతులకు పట్టేసింది. గద్వాలలో నేను చేసిన తప్పు ఆ అలవాటు వల్లే జరిగింది.

పోయినేడు ఎండలు ముదురుతున్నప్పుడు ల్యాబ్ నుంచి మా సారు ఫోన్ చేశారు. గద్వాలలో మూతబడ్డ డ్రైక్లీనింగ్ దుకాణం ఒకటి ఉంది, స్థలం ఎవరో కొన్నారు, పక్క గోడ వారగా పునాది తవ్వుతుంటే గుంటలో దిగిన మేస్త్రీకి కళ్లు తిరిగాయి, ఏదో తియ్యటి వాసన వచ్చిందట, కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు, మట్టీ నీళ్లూ పరీక్షించాలి అన్నారు. ఆ తర్వాత ఫోన్లోనే పాఠం మొదలుపెట్టారు. డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రవం నీళ్లకన్నా బరువు. నేలలో పోస్తే కిందికి దిగుతూనే ఉంటుంది. కానీ గాలి తగిలిందంటే ఎగిరిపోతుంది. అందుకని బోరు మోటారు పావుగంట నడిపి, పైపు దగ్గరే, చిన్న సీసాను అంచుదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి గోటితో కొట్టి చూడాలి. ఒక్క గాలి బుడగ కనిపించినా పారబోసి మళ్లీ పట్టాలి.

"అర్థమైందా?" అని రెండుసార్లు అడిగారు. నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా నీళ్లు పట్టేదానికి నీళ్లు పట్టడం నేర్పిస్తున్నాడనుకున్నాను. అన్నీ పుస్తకంలో రాసుకున్నాను మాత్రం.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. నీళ్లలో వేస్తే నూలొక తీరుగా పట్టొక తీరుగా ముడుచుకుంటాయని, జరీ నల్లబడుతుందని ఇక్కడివాళ్ల భయం. పెళ్లి చీరలన్నీ ఆ దుకాణానికే వచ్చేవట. దాని పాత యజమానిని అందరూ భాయ్ అంటారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, ఇస్త్రీ మడత చెడని లాల్చీ. ఇంకా కూల్చని దుకాణం తాళం తీసి నన్ను లోపలికి తీసుకుపోయాడు. మిషను ఎప్పుడో అమ్మేశాడు. అది నిలబడ్డ చోట నేల మీద నాలుగు బోల్టులు, గోడ మీద ఒక మరక మిగిలాయి.

"ఇర్వై ఏండ్లు నడిపిన మేడం. ఒక్క చీర ఖరాబ్ అయిందని ఎవ్వరు అనలె. ఇప్పుడు జమీన్ ఖరాబ్ అంటున్రు," అన్నాడు. "మిషన్ల మిగిలిన మడ్డి గూడ నాలాల పొయ్యనియ్యలె. కసమ్."

నేను నమ్మలేదు. ఎక్కడికి పోయినా యజమానులు కసమ్ తిన్నవాళ్లే. పైగా ఆయన బాధ చూసి నాకేమీ అనిపించలేదు కూడా. ఈ పనిలో కొన్నేళ్లకు అంతే. ఫ్లోరైడు ఊళ్లలో వంగిపోయిన నడుములు, పచ్చబడ్డ పిల్లల పళ్లు చూసి చూసి లోపల ఎక్కడో తిమ్మిరెక్కిపోయింది. చీటీ మీద పేరు, ఊరు, తేదీ తప్పు పోకుండా రాస్తే చాలు అన్నంత వరకే వచ్చాను.

ఒక కూలీని పెట్టుకుని, మట్టి తొలిచే చేతి బర్మాతో దుకాణం వెనక గుంటలు వేశాం. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకాస్త దిగితే బండ. మట్టి పైకి రాగానే వాసన పట్టే మీటరు దగ్గర పెట్టేదాన్ని. దుకాణం వెనకాల అది ఊరకే ఉంది. కుడిపక్క గోడ వైపు జరిగేకొద్దీ అంకె పెరిగింది. గోడను ఆనుకుని వేసిన గుంట దగ్గర కీచుమని మోగింది. ఆ గోడకు అవతల ఒక రేకుల ఇల్లు ఉంది.

ఆ ఇంటి పెద్దావిడ అప్పటికే గోడ మీదుగా మమ్మల్ని చూస్తోంది. అరవై ఏళ్లుంటాయి. ఆమె భర్త ఈ దుకాణంలోనే మిషను మీద పనిచేసేవాడని, చనిపోయి నాలుగేళ్లయిందని భాయ్ చెప్పాడు. కాలేయం చెడిందన్నారట. చుక్క ముట్టని మనిషికి కాలేయం ఎట్ల చెడుతుందని ఆమె దవాఖానలో అందరినీ అడిగిందట, ఎవరూ సరిగ్గా చెప్పలేదట. అప్పటి నుంచి ఏటా ఉగాదికి ఇంటిముందు తాటాకు పందిరి వేసి, ఇసుకలో రెండు రంజన్లు, అంటే పెద్ద మట్టికుండలు, పెట్టి, ఆయన పేరు మీద దారిన పోయేవాళ్లకు నీళ్లు పోస్తోంది. నీళ్లు ఆమె పెరట్లోని బోరువి.

"దా బిడ్డా. గింత ఎండల ఏం పని నీకు. జర నీడకు కూసో," అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. చల్లగా ఉన్నాయి. తాగేశాను. తాగాక గుర్తొచ్చింది, నేను వచ్చిందే ఆ నీళ్ల మీద అనుమానంతో అని.

మోటారు వేయమన్నాను. కరెంటు లేదు. ఏదో లైను పని, సాయంత్రం దాకా రాదన్నారు. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసట, అందుకని నిన్న పొద్దుగూకగానే రంజన్ తోమి, గుడ్డ కట్టి వడబోసి, నిండా పట్టి పెట్టిందట. "ఆఫీసోల్లు వస్తరని భాయ్ చెప్పిండు. మంచియి, తేటయి నీకోసరమే వెట్టిన," అంది. పరీక్షకు పోయే నీళ్లు శుభ్రంగా ఉండాలని ఆమె తాపత్రయం.

పుస్తకం సంచిలోనే ఉంది. తీసి చూసి ఉంటే చాలు. మర్నాడు మళ్లీ రావాలంటే మళ్లీ పెబ్బేరు, మళ్లీ కృష్ణ వంతెన, మళ్లీ ఎర్రవల్లి చౌరస్తా. ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ ఊరకే ఇస్తారు గానీ నడుం నొప్పి ఎక్కడికి పోతుంది. చిన్న సీసాను రంజన్‌లో ముంచాను. అంచుదాకా నింపి, తలకిందులు చేసి, గోటితో కొట్టి చూశాను. బుడగ లేదు. చాలా శ్రద్ధగా చేసినట్టు అనిపించింది. ఫారంలో ఎక్కడ పట్టారు అన్నచోట "బోరు" అని రాశాను. పదిహేనేళ్లుగా కుండలోంచి పట్టినా అలాగే రాస్తున్నాను.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. గోడ దగ్గరి మట్టిలో ఆ ద్రవం ఉంది. నీళ్లలో ఏమీ లేదు. ఉగాదికి రెండు రోజుల ముందు ఆమె ఫోన్ చేసింది.

"పందిరేసినం బిడ్డా. నీళ్లు వెట్టనా వద్దా?"

"పెట్టు పెద్దమ్మా. నీళ్లల్ల ఏం లేదు. మంచిగున్నయి."

"నా ప్రాణం నిమ్మళమైంది," అంది. నాకప్పుడు కొంచెం సంతోషం కలిగింది. ఆ ఏడాదిలో మంచి కబురు చెప్పడం అదే మొదలు అనుకుంటాను. అందుకే ఆ ఫోను అంత బాగా గుర్తుంది.

సారుకు మాత్రం లెక్క కుదరలేదు. మట్టిలో అంత ఉండి, పక్కనే ఉన్న బోరులో అసలు లేకపోవడమేమిటని ఆలోచిస్తూ వచ్చారు. చివరికి మే నెలలో, ఆవిడ పెరట్లో కూడా రెండు గుంటలు వేసి, నీళ్లు ఇంకోసారి పట్టుకురమ్మన్నారు. ఆ మాట వినగానే రంజన్ గుర్తొచ్చింది. పుస్తకం తీసి నా రాత నేనే చదువుకున్నాను. పైపు దగ్గరే పట్టాలి. గాలి తగిలితే ఎగిరిపోతుంది. రాత్రంతా గాలికి ఉన్న మట్టి రంజన్, పైగా గుడ్డలోంచి వడబోసిన నీళ్లు. ఇంకేం మిగులుతుంది అందులో.

గద్వాల బస్టాండులో దిగి నడిచి వెళ్లాను. పందిరి కింద జనం ఉన్నారు. రాత్రి నిలవ పెట్టినవి కావు, రంజన్ ఖాళీ కాగానే బోరు నుంచి తెచ్చి పోస్తున్న నీళ్లు. ఇద్దరు ఆటో డ్రైవర్లు, చంటిపిల్లను చంకనేసుకున్న ఒకామె, రాయచూరు వైపు పోయే బస్సు కోసం నిలబడ్డ ముసలాయన. ఆయన రెండు గ్లాసులు తాగి, మూడోది తలమీద పోసుకున్నాడు. నేను రోడ్డుకు ఇవతలే ఆగిపోయి చూస్తున్నాను. అరిచి ఆపాలి కదా. ఆపలేదు. చూస్తున్నది ఎవరో వేరే మనిషి అన్నట్టుంది. ముసలాయన బస్సెక్కి వెళ్లిపోయాక రోడ్డు దాటాను.

"వచ్చినవా బిడ్డా," అని ఆమె చెంబు అందించింది. "ఇప్పుడే తాగిన పెద్దమ్మా," అన్నాను. అబద్ధం.

ఈసారి కరెంటు ఉంది. మోటారు వేయించి, గడియారం చూస్తూ పావుగంట నిలబడి, పైపు దగ్గర సీసాలు పట్టాను. గుంటలు ఎక్కడ వేయాలో చూద్దామని మీటరు పట్టుకుని పెరడంతా తిరిగాను. బోరుకు పది అడుగుల దూరంలో బట్టలుతికే బండ ఒకటి ఉంది. దాని దగ్గరికి రాగానే మీటరు కూత పెట్టింది. వెనక్కి జరిగితే తగ్గింది, ముందుకొస్తే మళ్లీ మోగింది. బండ అంచున వేలు దూరేంత సందు ఉంది. అందులోంచి వస్తోంది.

"ఈ బండ కింద ఏముంది పెద్దమ్మా?"

"పాత బోరు. ఇల్లు గట్టినప్పుడు ఏసినం. చుక్క వడలె, ఒట్టి దుమ్మే లేసింది. పోరగాండ్లు వడ్తరని బండ గప్పినం. దాని మీదనే బట్టలుతుకుత."

"దాంట్ల ఎప్పుడన్న ఏమన్న పోసిన్రా?"

ఆమె ఏ దాపరికం లేకుండా చెప్పింది. "మా ఆయన పోస్తుండె గద. మిషన్ల మిగిలిన మడ్డి. వారానికి ఒక డబ్బ వస్తుండె. మొదట్ల నాలాల పోస్తనన్నడు. నాలాల మేకలు మూతివెడ్తయి, నోరులేని జీవాలు, పాపం మనకొద్దు అని నేనే తిట్టిన. సచ్చిన బోరు ఉండనే ఉండె. ఎవ్వలకు పనికిరాని బొంద, దాంట్ల పొయ్యి, ఎవ్వలకు ఏం గాదు అని నేనే చెప్పిన."

మోటారు చప్పుడుకు భాయ్ కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నేను చెప్పిన గద మేడం, నాలాల పొయ్యలె అని," అన్నాడు. ఆయన మొదటి రోజు చేసిన కసమ్ నిజమే. అందరూ మంచే అనుకున్నారు. దుకాణం వెనక మట్టి శుభ్రంగా ఉండడానికి కారణం అదే. ఇరవై ఏళ్ల మడ్డి గోడ దాటి, ఆ బొందలోంచి నేరుగా బండ పగుళ్లలోకి దిగింది.

"అప్పుడు నీళ్లు యాడియి," అంటూ ఆమె ఉత్సాహంగా చెబుతూనే ఉంది. "కాలువలు వచ్చినంక చెరువు నిండె. భూమిల నీళ్లు లేసె. గీ కొత్త బోరు ఏస్తె పైననే వడ్డయి. ఆయన సూడనే లేదు పాపం." ఎండిన బోరులోకి కూడా అవే నీళ్లు లేచి ఉంటాయని, అడుగున ఉన్నదాన్ని కలుపుకుని ఈ బోరు దాకా వచ్చి ఉంటాయని నాకు తెలిసింది. ఆమెకు ఇంకా తెలియలేదు.

"ఈ నీళ్లు ఆపు పెద్దమ్మా. తాగుడు, పోసుడు రెండూ," అన్నాను.

"ఎందుకు? మంచిగున్నయని నువ్వే చెప్తివి గద."

"ఇంకోసారి చూడాలె," అని నసిగాను. రంజన్ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. బయటికి వెళ్లి రెండు రంజన్లూ ఒంచి, ఇసుకలో బోర్లించింది. ఇద్దరు ఆడపిల్లలు గ్లాసుకోసం చెయ్యి చాపి, వెనక్కి తిరిగిపోయారు.

బస్సులో కూర్చుని సారుకు ఫోన్ చేశాను. మొదటిసారి పట్టినవి రంజన్ నీళ్లని చెప్పాను. 

"ఫారంలో బోరు అని రాశావు కదమ్మా."

"రాశాను సార్."

"అయితే మొదటిది పక్కన పెట్టేద్దాం. రెండోదే పంపుదాం. ఎందుకొచ్చిన గొడవ, ఉద్యోగం పోతుంది నీకు."

"పక్కన పెట్టొద్దు సార్. బోరు కొట్టేసి రంజన్ అని రాయండి. పోతే పోనీ." ధైర్యం కాదు అది. పోయినా ఏమీ అనిపించేలా లేదు, అంతే. చివరికి ఉద్యోగమూ పోలేదు. ఇలాంటి పనులకు ఇప్పుడు వేరే మనిషిని పంపుతున్నారు. నాకు మళ్లీ ఫ్లోరైడే.

జూన్ మొదట్లో రెండో ఫలితం వచ్చింది. నీళ్లలో ఉంది. తాగదగ్గ హద్దుకు చాలా పైన ఉంది. ఆఫీసు వాళ్లు నోటీసు అంటిస్తారు, నువ్వు పోనక్కర్లేదన్నారు సారు. అయినా పోయాను. ఎందుకు పోయానో తెలుసు. మంచివని చెప్పింది నా నోరు, చెడ్డవని కూడా అదే చెప్పాలి.

పందిరి తీసేశారు. ఆమె గడపలో కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. బోరు చెడిందని, తాగొద్దని, వంటకూ స్నానానికీ కూడా వాడొద్దని, పాత బోరులో పోసిన మడ్డే ఇందులోకి వచ్చిందని. ఆమె రెప్ప వేయకుండా విన్నది.

"ఎండాకాలమంతా తాగిన్రు గద," అంది చివరికి. "ఆయన పేరు మీద వోసిన."

"తప్పు నాది పెద్దమ్మా. మొదటిసారే బోరు దగ్గర పట్టాలె. రంజన్ల నీళ్లు పట్టొద్దు, పట్టిన. అందుకే ఏం లేదని వచ్చింది."

"రంజన్ల నుంచి ఇచ్చింది నేనే గద బిడ్డా," అంది. పెరటి వైపు చూసి, "బోర్ల పొయ్యమన్నది గూడ నేనే," అంది.

కాదు, నీది కాదు, నాకు తెలిసుండీ పట్టాను, పుస్తకంలో రాసుకుని మరీ పట్టాను అని గట్టిగా చెప్పాల్సింది. ఒక్కసారి చెప్పాను, రెండోసారి చెప్పలేదు. నా తప్పు కూడా ఆమె తన ఒళ్లో వేసుకుంటుంటే నేను వేసుకోనిచ్చాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు హాయిగా కూడా అనిపించింది. ఆ ఫోను నాటి సంతోషం తర్వాత నాకు స్పష్టంగా కలిగినది ఆ హాయి ఒక్కటే. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మాటలు అయిపోయాక ఆమె అలవాటు చొప్పున లేచి లోపలికి వెళ్లింది. చెంబు తీసిన చప్పుడైంది. బిందె మూత తీసిన చప్పుడు కూడా అయింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఖాళీ చెంబుతో గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"మున్సిపాల్టి నల్ల రేపొస్తది బిడ్డా. ఇంట్ల ఉన్నయన్ని గవే నీళ్లు," అంది. "మా ఇంటికొచ్చిన మనిషికి నీళ్లియ్యక పంపుడు ఇదే మొదలు."

"దాహం లేదు పెద్దమ్మా," అన్నాను. నా సంచిలో సీసా ఉంది, వనపర్తిలో ఇంటి దగ్గర నింపుకున్నది. ఆమె ముందు దాన్ని బయటికి తీయలేకపోయాను. ఆమెకు ఇవ్వాలని కూడా తోచలేదు. బస్సు కృష్ణ వంతెన దాటాక తోచింది.